ఊడదీసే పని

గ్రానైట్ అతికించడానికి చదరపు అడుగుకి ఎంతో బెంగళూరులో ఏ మేస్త్రీని అడిగినా నిలబడ్డచోటే చెబుతాడు. అతికిన రాయిని ఊడదీయడానికి ఎంత అంటే మాత్రం ఎవరి దగ్గరా సరైన లెక్క లేదు. కొటేషన్ కాగితంలో అడుగున ఎక్కడో 'పాతవి తీసివేత' అని ఒక వరస, దాని ఎదురుగా గుండుగుత్తగా ఏదో ఒక అంకె ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు, కొత్త పనిలోనే కలిపేసుకోమంటారు. "ఏముంది మేస్త్రీ, నాలుగు సుత్తి దెబ్బలు పడితే అదే రాలుతుంది" అంటాడు ఇంటాయన. రాలుతుంది, కాదనను. దాంతోపాటు గోడ పూతా, లోపలున్న నీళ్ళ గొట్టమూ, గోడకి అవతల పక్కింటివాళ్ళ వెంకటేశ్వరస్వామి పటమూ రాలతాయి.

నేను వంటిళ్ళ పని మాత్రమే ఒప్పుకుంటాను. అందులోనూ గట్టు వెనక గోడకి అతికించిన రాయి, మా వాళ్ళు డాడో అనేది, తీసే పని వస్తే మొదటిరోజు నేనే దగ్గరుండి చేస్తాను. మిగతా ఏ పనైనా కుర్రాళ్ళకి వదలొచ్చు, దీన్ని వదలలేను.

నాది ఎర్రగుంట్ల పక్క పల్లె. మా నాయన క్వారీలో నల్లబండ తీసేవాడు. బెంగళూరు వాళ్ళు కడపకల్లు అని పిలిచే రాయి అదే. భూమిలో అది పొర మీద పొరగా పరుచుకుని ఉంటుంది. పొర ఎక్కడ విడుస్తుందో పసిగట్టి అక్కడ ఉలి దించి, గడ్డపారతో మెల్లగా లేపితే పలకకి పలక లేస్తుంది. భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని నార్జి సున్నపురాయి అంటారు, అది మా వైపు ఒక ఊరి పేరే. ఆ సున్నపురాయినే పొడికొట్టి, కాల్చి సిమెంటు చేసే ఫ్యాక్టరీలు కూడా మా ఎర్రగుంట్ల చుట్టుపక్కలే ఉన్నాయి. అంటే వంటింట్లో గోడకి అంటిన బండా, దాన్ని పట్టుకున్న సిమెంటూ ఒకే నేల కడుపున పుట్టినవి. అన్నదమ్ముల్లాగా ఒకదాన్నొకటి వదలవని ఇంటివాళ్ళతో తమాషాకి అంటుంటాను. అసలు సంగతి వేరే. పొరగా విడిన బండకి ముఖం మీద మాత్రమే పాలిష్ పడతారు, వీపు గరుకుగా అట్లాగే ఉంటుంది. ఆ గరుకులో సిమెంటు వేళ్ళు దిగినట్టు దిగుతుంది. గ్రానైట్‌ది మరో కథ. దాన్ని రంపాల మిషన్‌తో కోస్తారు కాబట్టి వీపు కూడా దాదాపు చదునే, పట్టు తక్కువ. అందుకే యాభై ఏళ్ళ కడపబండని తీయడం కంటే పదేళ్ళ గ్రానైట్‌ని తీయడం చాలాచోట్ల సులువు.

కాలికింద అంతా రాయే ఉన్న ఈ బెంగళూరుకి కడప నుంచి బండలు ఎందుకు తెప్పించారని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అడుగుతుంటారు. లాల్‌బాగ్‌లో సాయంత్రం జనం ఎక్కి కూర్చునే గుట్ట సుమారు మూడు వందల కోట్ల ఏళ్ళ నాటిది, దానికి జాతీయ భూగర్భ స్మారకమని బోర్డు కూడా పెట్టారు. కానీ ఈ నేల రాయికి పొరలు లేవు. సమ్మెటలతో, మేకులతో చీల్చితే మందపు దిమ్మెలు వస్తాయి. పునాదికి, స్తంభాలకి, గోడలుగా నిలబెట్టే చప్పడీలకి అవి పనికొస్తాయి, వంటింటి గోడకి అంగుళం లోపు పలక మాత్రం ఇవ్వవు. కోత మిషన్లు, వజ్రపు బ్లేడ్లు అందరికీ అందుబాటులోకి రాకముందు సన్నటి పలక కావాలంటే పొరలుగా విడిచే రాయి వైపే చూడాలి: కడప, బేతంచర్ల, తాండూరు, షాబాదు. జయనగర్, రాజాజినగర్ లాంటి పేటల్లో పాత వంటిళ్ళు నల్లగా ఉండటానికి కారణం అదే. గట్టూ, అల్మరా అరలూ, గోడా అన్నీ ఆ బండే.

నా దగ్గర ఒక పెద్దాయన పనిచేస్తాడు. వడ్డెరాయన, కర్ణాటకలో వాళ్ళని భోవి అంటారు. పుట్టింది బెట్టహలసూరు క్వారీల దగ్గర. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. 1951 నుంచి 56 దాకా కట్టిన విధానసౌధకి రాయి వెళ్ళింది ఆ బెట్టహలసూరు, మల్లసంద్ర వైపు నుంచే. వాళ్ళ తాతల నాటి ఆ పని గురించి ఆయన గొప్పలేమీ చెప్పుకోడు. బండ మీద ఉలి మడమతో టక్కుమని కొడతాడు, తల పక్కకి వాల్చి వింటాడు, సుద్దముక్కతో గీత గీస్తాడు. గట్టి చప్పుడు వచ్చినచోట వెనక సిమెంటు నిండుగా ఉన్నట్టు, డొల్ల చప్పుడు వచ్చినచోట ఖాళీ ఉన్నట్టు. అరగంటలో గోడంతా సుద్దగీతల పటం తయారవుతుంది. గోడలో వైరు ఎక్కడుందో చూపే చేతిమిషన్ నా సంచీలో ఉంది, రాయి వెనక ఏముందో చెప్పే మిషన్ మాత్రం నాకు ఇంతవరకు ఈ పెద్దాయన చెవే.

ఇక జయనగర్‌లో చేసిన ఒక వంటిల్లు గురించి చెప్పాలి. డెబ్బైల నాటి ఇల్లు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెడాక్సైడ్ నేల. ఆ ఇంటి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. డాడో తీసేసి తెల్ల టైల్స్ వేయాలని పటం గీయించి, ప్రతి మూలకీ కొలత రాయించి పెట్టాడు. పటం చక్కగానే ఉంది, కానీ అందులో గోడ లోపల ఏముందో లేదు. అది ఆయనకి తెలియదు. నేను వాళ్ళమ్మగారి దగ్గర కూర్చున్నాను. ఇల్లు కట్టించినవాళ్ళ కంటే అందులో వండినవాళ్ళకే గోడ సంగతి ఎక్కువ తెలుసునని నా నమ్మకం.

"అమ్మా, ఈ సింకు మొదటి నుంచీ ఈ మూలనే ఉందా?" అని అడిగాను.

"యాడిదప్పా, మొదట కొళాయి పెరట్లోనే కదా. కావేరి నీళ్ళు బాగా వస్తాండాయని తర్వాత లోపలికి లాగించినారు. అప్పుడు బండ ఒకటి తీసి, మళ్ళీ పెట్టినారు. మా ఆయన కసిరినాడు కూడా, కొత్త బండ పగలగొట్టినారని."

కావేరి మొదటి దశ నీళ్ళు బెంగళూరుకి 1974లో వచ్చాయి. అంతకుముందు ఊరికి పెద్ద ఆధారం తిప్పగొండనహళ్ళి జలాశయం. ఆమె చెప్పిన లెక్కన ఆ గోడలో నలభై ఏళ్ళు దాటిన జీఐ ఇనుప గొట్టం ఉండాలి. అది సింకు కిందనుంచి కాదు, కిటికీ పక్కనుంచి, పెరటి వైపు నుంచి రావాలి. పెద్దాయన సుద్దగీతల్లో కూడా సరిగ్గా అక్కడే, కిటికీ పక్క బండ మీద, నిలువుగా ఒక సన్నటి డొల్ల పడింది. గొట్టం కోసం గాడి తవ్వి, సరిగ్గా పూడ్చకుండా బండ మూసినచోటు అది. ఆ వయసు జీఐ గొట్టం బయటికి గట్టిగా కనిపిస్తుంది, లోపల తుప్పు ఉబ్బి మరలున్నచోట బెల్లంముక్కలా అయిపోయి ఉంటుంది. దాని మీద బ్రేకర్ మిషన్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"వంకాయ కూరకి పులుసు పోసినప్పుడంతా తుడవమని మా అత్త పోరేది" అని ఆమె ఇంకో మాట అన్నారు. గట్టు మీదా, డాడో అడుగుభాగానా ఉన్న తెల్లటి మచ్చలు చూపించారు. చింతపండు, నిమ్మకాయ పడితే సున్నపురాయి ముఖం కరిగి మెరుపు పోతుంది. ఎంత రుద్దినా ఆ మచ్చ పోదు, ఎందుకంటే అది అంటిన మురికి కాదు, పులుపు తినేసిన రాయి. బాత్‌రూం యాసిడ్‌తో కడిగి ఇంకా పాడు చేసుకున్న ఇళ్ళు చాలా చూశాను. గ్రానైట్‌కి ఈ బాధ లేదు. ఇంటివాళ్ళకి తమది ఏ రాయో తెలియకపోతే నిమ్మచెక్కతో మూలన ఒక చుక్క వేసి చూస్తే చాలు.

పని మొదలుపెట్టే ముందు సిలిండర్ బయటికి, మెయిన్ స్విచ్ కిందికి. పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయాలి. పాత ఇళ్ళలో అది తిరగదు, తిప్పితే ఊడి చేతికొస్తుంది. అందుకే ముందురోజే ప్లంబర్‌ని పిలిపిస్తాను. జయనగర్ ఇంట్లో గట్టుని ఉంచుతున్నారు కాబట్టి దాని మీద తడిపిన గోనెసంచులు, వాటి మీద ప్లైవుడ్ ముక్క పరిచాం. డాడో బండలు గట్టు మీద కూర్చుని ఉంటాయి. గట్టుబండ గోడలోకి కాస్త దూరి ఉంటుంది. ఆ వరస తెలియక కిందనుంచి ఎత్తబోయేవాళ్ళు గట్టునే పగలగొడతారు.

తీయడం పైనుంచే. బండ పై అంచుకీ గోడ పూతకీ మధ్య ఉన్న సిమెంటు గీతని చేతి ఉలితో తెంపాలి. లేకపోతే బండతోపాటు పైనున్న పూత కూడా చాపలా ఊడివస్తుంది. బండకీ బండకీ మధ్య సందుల్లో వైట్ సిమెంట్ గీకేయాలి. తర్వాత ఎక్కువ డొల్లగా పలికిన బండ దగ్గర మొదలు. పల్చటి పట్టె ఉలులు రెండు, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన. ఒకదానికి ఒక దెబ్బ, రెండోదానికి ఒక దెబ్బ. గట్టిగా కాదు. కొట్టిన ప్రతిసారీ చప్పుడు మారుతుంది. పట్టు వదిలేముందు బండ ఒక్కసారి బొంగురుగా పలుకుతుంది. అక్కడ సుత్తి పక్కన పెట్టి సందులో చెక్క మేకు దించాలి. ఉలిని గోడకి ఆనించి మీటితే గోడకే గుంట పడుతుంది.

చప్పుడు మారగానే ఇద్దరు బండ ముందు నిలబడి అదిమి పట్టుకోవాలి. గాజు అద్దాలు మోసే రబ్బరు కప్పులుంటే ఇంకా మంచిది. ఇరవై మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకి దాదాపు ఐదు కిలోలు. రెండడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవున్న బండ అరవై కిలోలు. అది ఊడేది మెల్లగా కాదు, ఒక్కసారిగా. ఊడిన బండని నిలువుగానే, అంచు మీదే మోయాలి. బల్లలాగా పడుకోబెట్టి ఎత్తితే దాని బరువుకి అదే నడుమున విరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకే మంచి బండలు ఇంటి గుమ్మం దాటేలోపే రెండు ముక్కలవుతుంటాయి.

జయనగర్ ఇంట్లో మొదటి బండ వచ్చాక గోడ చూసి పెద్దాయన నవ్వాడు. ఆ కొసన సిమెంటు అర అంగుళం, ఈ కొసన రెండంగుళాలు. గోడ నిలువులో లేదు, నడుమున కడుపు ముందుకొచ్చింది. అప్పటి మేస్త్రీ గుండు కట్టి చూసుకుని, ఆ వంకరనంతా సిమెంటుతో, ఇటుక పెంకులతో నింపి, బయటికి బండ మాత్రం తిన్నగా నిలబెట్టాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎవరికీ ఆ గోడ వంకరని తెలియదు. నాకా మేస్త్రీ ఎవరో తెలియదు గానీ, పని తెలిసినవాడు. కానీ ఇప్పుడు సన్నటి టైలు వేయాలంటే ఆ వంకరని మళ్ళీ ఎవరో ఒకరు సరిచేయాలి. దానికి పూత ఖర్చు వేరు. కొడుకుని పిలిచి గుండు కట్టి చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఇది ముందే చెప్పలేరా?" అన్నాడు. చెప్పలేను. అందుకే నా కాగితం మీద రెండు అంకెలుంటాయి: మొదటి బండ తీయడానికి ఒకటి, మిగతాది ఆ బండ వెనక చూశాక రాసేది. ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోరు.

గొట్టం మేం అనుకున్నచోటే దొరికింది. తాకకుండా చుట్టూ ఉలితోనే తవ్వి, ప్లంబర్‌కి అప్పగించాం. ఆయన దాన్ని మూసేసి కొత్తది గోడ బయటినుంచి లాగాడు.

బసవనగుడి, మల్లేశ్వరం సంగతి ఇంకా వేరు. 1898 ప్లేగు తర్వాత జనం నిండిన పేటలు అవి. పాతకాలపు సున్నపు గోడల ఇళ్ళు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. సున్నం పూత మెత్తన, దాని మీద తర్వాతెప్పుడో సిమెంటుతో అతికించిన బండ గట్టిది. బండని లాగితే పూత మొత్తం, కొన్నిచోట్ల ఇటుక ముఖం కూడా దాంతో వచ్చేస్తుంది. అక్కడ కరెంటు మిషన్ ఏదీ గోడకి తాకనీయను. ఆ గోడకి మళ్ళీ సిమెంటు పూత కాకుండా సున్నపు పూతే వేయించమని చెబుతాను, వినేవాళ్ళు తక్కువ.

వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో రాయి తేలిగ్గా వస్తుంది, చిక్కంతా గోడతోనే. చాలాచోట్ల వంటింటి గోడ నాలుగంగుళాల కాంక్రీటు బ్లాకు, అంతే. బండ మూలలకి నాలుగు, నడుమున ఒకటి, సిమెంటు ముద్దలు పెట్టి నొక్కేసి ఉంటారు. మధ్యలో ఖాళీ అంతా బొద్దింకల కాపురం. తీయడానికి అర్ధపూట చాలు. కానీ ఆ ముద్దల్ని గోడ మీంచి కొట్టేటప్పుడు బ్లాకు కదిలితే అవతలి వైపు పూతకి బీట పడుతుంది. అవతలి వైపు పడకగది ఉండొచ్చు, వేరేవాళ్ళ ఇల్లే ఉండొచ్చు. కుర్రవాళ్ళు బ్రేకర్‌ని గోడకి నిటారుగా గుచ్చుతారు. దాన్ని గోడ వెంబడి పడుకోబెట్టి పక్కనుంచి గీకాలని మా వాళ్ళకి రోజూ చెప్పాల్సిందే. కరెంటు వైరు స్విచ్ బోర్డు నుంచి తిన్నగా పైకో కిందికో వెళ్ళాలి. వెళ్ళదు. పైపు మిగులుతుందని ఎలక్ట్రీషియన్ ఏటవాలుగా లాగేసి ఉంటాడు. చిమ్నీ కోసం తర్వాత పెట్టించిన సాకెట్ దగ్గర ఇది మరీ ఎక్కువ.

ఒక తెలుగు జంట ఇంట్లో గోడ రెండు వైపులా రాయే ఉంది, ఇటు వంటిల్లు, అటు బట్టలుతికే చోటు. నాలుగంగుళాల గోడ. కొట్టి చూస్తే బండ ఎక్కడా డొల్లగా లేదు, నిండా సిమెంటు. తీయొద్దని చెప్పాను.

"తీయకుండా టైల్స్ ఎలా వేస్తారన్నా?" అంది ఆ అమ్మాయి.

"రాయి గట్టిగా ఉంటే దాని మీదే వేయొచ్చమ్మా. ముఖాన్ని గరుకు చేసి, రాయి మీద పట్టే అంటుతో వేస్తారు. సాకెట్ పెట్టెలు కాస్త లోపలికి పోతాయి, వాటిని ముందుకి తెప్పించుకోవాలి. ముందు నూనె జిడ్డు పూర్తిగా పోయేదాకా కడగాలి. ఆ జిడ్డు మీద ఏ అంటూ నిలవదు."

నాకు ఆ రోజు కూలి రాలేదు గానీ ఆ గోడకి ఏ దెబ్బా తగల్లేదు. తీయకపోవడమే సరైన పని అయిన ఇళ్ళు తక్కువేం కాదు.

దుమ్ము గురించి ఇంటివాళ్ళకంటే పనివాళ్ళకి చెప్పడమే కష్టం. కడపబండ సున్నపురాయి, దాని దుమ్ములో ఇసుక పాలు తక్కువ. గ్రానైట్‌లో చాలా ఎక్కువ. కొత్తగా వచ్చిన క్వార్ట్జ్ అనే తయారుచేసిన పలకల్లో అయితే నూటికి తొంభై దాకా సిలికాయే ఉంటుంది. అది కోసేటప్పుడు లేచే కంటికి కనబడని పొడి ఊపిరితిత్తుల్లో గూడు కడితే తిరిగి రాదు. సిలికోసిస్ అంటారు. కోసే కుర్రాళ్ళు దాని బారిన పడుతున్నారనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల్ని దేశమంతటా నిషేధించింది. ఇక్కడ అవి కొత్త ఫ్యాషన్. అందుకని నా పనిలో పొడి కోత లేదు. మూతకి చిల్లు పెట్టిన నీళ్ళ బాటిల్ పట్టుకుని ఒకడు బ్లేడు మీద ధార పోస్తూనే ఉండాలి. నీళ్ళూ కరెంటు మిషనూ ఒకచోట ఉంటాయి కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డే వాడాలి. వంటింటి గుమ్మానికి ప్లాస్టిక్ షీట్ కడతాం. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే చాలనే పెద్దాయనతో మాత్రం నేను ఇప్పటికీ గెలవలేదు. మాస్కు పెట్టుకుంటే చప్పుడు సరిగ్గా వినబడదంటాడు.

చెత్త మోయడం గురించి ఎక్కువ చెప్పను. సిమెంటు సంచుల్లో సగానికి మించి నింపొద్దు, లిఫ్టులో చెక్క పరచాలి, అపార్ట్‌మెంట్ సంఘం చెప్పిన వేళల్లోనే కొట్టాలి. కేంద్ర నిబంధనల ప్రకారం కట్టడాల చెత్తని విడిగా పెట్టి, కార్పొరేషన్ చూపించిన చోటికే చేర్చాలి. రాత్రిపూట చెరువుగట్టున కుమ్మరించి వచ్చే టెంపో తక్కువకి దొరుకుతుంది. దాన్ని పిలిచేవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు.

చెక్కు చెదరకుండా వచ్చిన బండలు చెత్త కాదు. గ్రానైట్ ముక్కలు కిటికీ గడపలకి, కుండీల కిందికి పోతాయి. కడపబండకి ఈ మధ్య మళ్ళీ గిరాకీ వచ్చింది. మెరుపు లేకుండా తోలులాగా ఉండే ముఖం పట్టించి అదే నల్లరాయిని ఆర్కిటెక్టులు కొత్త ఇళ్ళలో అడుగుతున్నారు. జయనగర్ ఇంటి బండల్లో పగలనివన్నీ నా ఖర్చుతో జిగణి తీసుకెళ్ళి అట్లా పట్టించాను. అక్కడ రాయి కోసేవాళ్ళకీ, పాలిష్ పట్టేవాళ్ళకీ కొదవ లేదు. పులుసు మచ్చలున్న పైపొర పోయింది, అడుగున రాయి గట్టిగా ఉంది. సర్జాపుర రోడ్డులో ఒక కొత్త విల్లా వాళ్ళు అవి చూసి, కొత్త రాయి ధరకే కొన్నారు. వాళ్ళ వంటింటి గోడకి నేనే అతికించాను, వెనక ఖాళీ లేకుండా నిండా అంటు వేసి. ఎప్పుడైనా తీయాల్సి వస్తే ఎట్లా అని ఇంటావిడ అడిగారు. తీసేవాడికి కష్టమేనని చెప్పాను. సీలర్ కొట్టించారు కదా ఇక మచ్చలు పడవు కదా అని కూడా అడిగారు. సీలర్ నూనెని ఆపుతుంది, పులుపుని ఆపలేదు, చారు ఒలికితే వెంటనే తుడవండి అని చెప్పి, మిగిలిన డబ్బులు తీసుకుని వచ్చాను.